సిపాయి వెంట సంసారం

ఉత్తరాదిన ఒకప్పుడు సిపాయికి మరో పేరు తిలంగా. 1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకెళ్లిన సిపాయిలు మరుసటి ఏడు ప్లాసీలో పోరాడాక, తెలుగునేలను గుర్తుచేసే ఆ మాట అక్కడ స్థిరపడిపోయింది. తర్వాత అవధ్ బ్రాహ్మణుడైనా, భోజ్‌పురి రాజపుత్రుడైనా కంపెనీ ఎర్రకోటు తొడిగితే తిలంగాయే. 1857లో మీరట్ నుంచి వచ్చిపడిన తిరుగుబాటు సిపాయిలను ఢిల్లీ జనం పిలిచింది ఆ పేరుతోనే. నేపాల్లో గూర్ఖా సైనికుడికీ ఆ పేరే అంటుకుంది. సైనికుడనే మాటకే తమ పేరు అరువిచ్చిన జాతిని 19వ శతాబ్దం ముగిసేసరికి అదే సైన్యం 'యుద్ధానికి పనికిరారు' అని పక్కన పెట్టింది. చెప్పిన కారణాల్లో ఒకటి, మద్రాసు సిపాయి సంసారం వదలలేడన్నది. పెళ్లాం కొంగు పట్టుకు తిరిగేవాడు తుపాకి ఏం పడతాడన్న ఈ ఎత్తిపొడుపు మన ఊళ్ల మిలట్రీ మనుషుల చరిత్రను ఇప్పటికీ సగమే చూపిస్తోంది. నిజానికి ఆ సంసారమే అతన్ని కొలువులో నిలబెట్టింది. సిపాయి కథను ఇంటి నుంచి మొదలుపెట్టి చెప్పకపోతే అది సగం కథే.

మద్రాసు సైన్యపు అలవాటు చూడండి. బెంగాలు సిపాయి భార్యాబిడ్డలను ఊళ్లో వదిలి సెలవుల్లో వెళ్లి చూసొచ్చేవాడు. మద్రాసు సిపాయి అలా కాదు. భార్య, పిల్లలు, ముసలి తల్లి, ఒక్కోసారి విధవరాలైన అక్క, అందరూ పటాలం వెంటే. విజయనగరం లాంటి కంటోన్మెంట్లలో సిపాయిల లైన్లంటే వరస ఇళ్లు, పొయ్యిలు, పిల్లల అరుపులు. గుడిసె కట్టుకోవడానికి సర్కారు ఇచ్చే కొద్దిపాటి సొమ్ముకు తన చెమట కలిపి సిపాయి ఇల్లు లేపుకునేవాడు. పటాలం మరో ఊరికి మారితే ఆ ఇల్లు అమ్ముకోవాలి, బండి కిరాయిలకు అప్పు చేయాలి, కొత్తచోట మళ్లీ మట్టి తొక్కాలి. సిపాయి అప్పుల గురించి ఆనాటి అధికారులు ఎన్ని ఫిర్యాదులు రాశారో లెక్కలేదు. ఓడ ఎక్కాల్సివస్తే మాత్రం కుటుంబం వెంట వెళ్లేది కాదు. జీతంలో ఇంత భాగం ఇంట్లోవాళ్లకు ముట్టేలా ముందే రాయించి వెళ్లేవాడు. సిపాయి చనిపోతే కొడుకును పసివాడైనా పటాలం పట్టికలో చేర్చి కొంత భత్యం ఇచ్చేవారు. పెద్దయ్యాక ఆ కుర్రాడే తండ్రి చోట నిలబడేవాడు. సంసారాన్ని సైన్యం భారంగా మోసిందనడం సరికాదు, దాన్నే ఆసరా చేసుకుని నడిచింది.

ఆసరా ఎంత ముఖ్యమో అది కదిలినప్పుడు తెలిసింది. 1780లో హైదరాలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాక, విశాఖపట్నంలోని సర్కారు సిపాయిలను ఓడెక్కి మద్రాసు వెళ్లమన్నారు. వాళ్ల ఇళ్లూ వాకిళ్లూ ఉత్తర సర్కారుల్లో ఉన్నాయి. తిరగబడి తెల్ల అధికారులను కాల్చారు. అంటే సముద్రమంటే భయమనే అర్థమా? 1824లో బర్మాకు, 1840లలో చైనాకు మద్రాసు సిపాయిలు వెళ్లారు. ఇంటి సంగతి ముందే తేలినచోట ఓడెక్కారు, అది తేల్చకుండా తోసినచోట ఎదురుతిరిగారు. నాకు కనిపించే తేడా ఇది.

ఇక్కడ రాబర్ట్స్ దొర వాదన ఎదురవుతుంది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతి, తర్వాత దేశం మొత్తానికి సేనాధిపతి. దక్షిణాదివాళ్లు ఏళ్ల తరబడి శాంతికి అలవాటుపడి మెత్తబడ్డారని 1897లో అచ్చయిన తన ఆత్మకథలో రాశాడు. పంజాబు, నేపాలు, సరిహద్దు తెగల వైపు సైన్యం మొగ్గింది. తెలుగువాళ్ల చేరికలు సన్నగిల్లాయి, మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి, 1920ల చివరికి మద్రాసు పదాతిదళమే మిగల్లేదు. ఒక్క మద్రాసు సాపర్లను మాత్రం వదులుకోలేకపోయారు. వంతెనలు కట్టి, దారులు వేసే ఆ దళం లేకుండా యుద్ధం సాగదు. సంసారం గురించిన ఎత్తిపొడుపులో కొంత నిజముంది. మందీమార్బలంతో కదిలే పటాలం ఖైబర్ కనుమకు నాలుగు రోజుల్లో చేరలేదు, ఖర్చూ ఎక్కువే. కానీ అది ఏర్పాట్ల లోపం, మనిషి లోపం కాదు. ఆ సంగతి సైన్యమే ఒప్పుకుంది. 1941లో మద్రాసు రెజిమెంటును మళ్లీ నిలబెట్టింది. 25 లక్షల మందికి పెరిగిన ఆ సైన్యంలోకి మన జిల్లాల నుంచి వేలమంది వెళ్లారు. నెత్తురులో పిరికితనం ఉంటే రెండు తరాల్లో ఎలా మారుతుంది?

పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి వెయ్యికి పైగా వెళ్లారని ఊరి లెక్క. అలాంటి ఊరిని మహాయుద్ధాల కాలంలో నిలబెట్టిన కాగితం మనియార్డరు. పోస్టుమాన్ చేతిలో నోట్లు, కిందిభాగాన చించి ఇచ్చే చిన్న కూపను, అందులో రెండు వాక్యాలు: క్షేమం, పిల్లవాణ్ణి బడికి పంపు. నిశానీ వేసే చేతులకు ఆ ముక్కే భర్త, ఆ ముక్కే తండ్రి. గోదావరి వరిపొలం కౌలు కట్టింది, పెంకుటిల్లు లేపింది, చెల్లెలి పెళ్లి చేసింది అవే డబ్బులు. ఇంటికోసం వెళ్లినవాడు ఇంటికోసమే భరించాడు. అనుభవజ్ఞుడైన సైనికుడూ, బాధ్యతగల ఇంటిపెద్దా వేర్వేరు మనుషులు కారు.

పరాయి దొరల కోసం పోరాడినవాళ్లను ఎందుకు తలుచుకోవాలని అడిగేవారుంటారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. 1879లో రంపలో కొండవాళ్లు తిరగబడితే వాళ్లమీదికి పంపినవాటిలో మద్రాసు పటాలాలున్నాయి. ఆ నేరం ఆ సైన్యానిది, దాచడానికి వీల్లేదు. అయితే తలచుకోవడం అంటే పొగడడం కాదు. ఆకలి, కౌలు, అప్పు ఒకడి చేత ఏ తుపాకి పట్టించాయో తెలియకుండా మన పల్లెల చరిత్ర తెలియదు. ఇంకో అభ్యంతరం మరింత బరువైనది. సిపాయి కుటుంబ ప్రేమ అని మురిసిపోతే, ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఒంటరిగా నెట్టుకొచ్చిన ఆడమనిషి ఎక్కడ? నిజమే. సైన్యం రాతల్లో ఆమె పేరు దాదాపు లేదు. రెండో యుద్ధం ముగిశాక లక్షలమందిని ఇళ్లకు పంపేశారు. పింఛనుకు సిపాయికి 15 ఏళ్ల కొలువు కావాలి, యుద్ధకాలంలో చేరినవాళ్లలో చాలామందికి అంత లేదు. ఊరికి తిరిగొచ్చిన మనిషికి మళ్లీ నాగలి అందించింది, రాత్రుళ్లు ఉలిక్కిపడితే పక్కన కూర్చుంది ఆమే. అతని దీర్ఘాయుష్షులో ఆమె వాటా తీసేస్తే మిగిలేది నాలుగేళ్ల సర్వీసు పుస్తకం.

తొంభై ఏళ్లు బతికిన మాజీ సైనికుడు కన్నుమూస్తే మనం రాసేది యుద్ధం పేరు, పతకం, ర్యాంకు. మిగిలిన డెబ్భై ఏళ్లు 'కుటుంబంతో గడిపారు' అన్న ఒక్క మాటలో ముగిసిపోతాయి. ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకు మెట్లెక్కిన ముసలాయన, మనవరాలిని బడికి దింపిన తాత, భార్య మంచాన పడితే అన్నం కలిపి తినిపించిన చేయి, చరిత్రలోకి రావాల్సినవి ఇవి కూడా. 1945లో 18 ఏళ్లున్న కుర్రాడికి ఇప్పుడు నూరేళ్లకు దగ్గర. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి పెద్దలుంటే డిశ్చార్జి పుస్తకం, చినిగిన మనియార్డరు కూపన్లు, భార్య చెప్పిన మాటలు, అన్నీ కలిపి తేదీలతో ఈ వారమే రాసిపెట్టండి.