మొరాయించిన ఏడో తూటా

చేత్తో చేసినప్పుడు చక్కగా పేలిన తుపాకీ ఫ్యాక్టరీలో తయారయ్యాక ఎందుకు ఆగిపోయింది? రెండో ప్రపంచ యుద్ధం ముంగిట జాన్ గారండ్‌కు ఎదురైన పరీక్ష ఇది.

1939 వేసవి చివరి రోజులు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ. దేశం నలుమూలల నుంచి వచ్చిన గురికాళ్లు నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు. వాళ్ల చేతుల్లో సైన్యం కొత్తగా తెచ్చిన ఎం1 రైఫిల్. పాత స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకీలో ఒక్కో తూటా పేలిన తర్వాత బోల్ట్ అనే ఉక్కు కడ్డీని చేత్తో లాగి, మళ్లీ తోయాలి. దీనికి ఆ శ్రమ లేదు. ఎనిమిది తూటాల క్లిప్ పైనుంచి నొక్కి, ట్రిగ్గర్ నొక్కుతూ పోవడమే.

ఫైర్ అన్న ఆజ్ఞ వినపడింది. ఒకటి, రెండు, మూడు... ఆరు తూటాలు వరసగా దూసుకుపోయాయి. తర్వాత ట్రిగ్గర్ నొక్కితే తుపాకీ పేలలేదు. బోల్ట్ దారిలోనే ఆగిపోయింది. ఏడో తూటా గొట్టంలోకి వెళ్లకుండా అడ్డం పడింది. ఒక్క తుపాకీ అయితే అది వాడిన మనిషి పొరపాటు అనుకోవచ్చు. కానీ ఇంకో వరసలో, ఇంకో చేతిలో కూడా అదే ఏడో తూటా దగ్గర ఆగింది.

అదే ఏడాది సెప్టెంబర్ 1న హిట్లర్ సేనలు పోలండ్ మీద పడ్డాయి. అమెరికా సైన్యం మొత్తం నమ్ముకోబోతున్న తుపాకీ ఇలా మొరాయిస్తోంది.

మరమగ్గాల మధ్య నుంచి

ఆ తుపాకీని రూపొందించిన మనిషి పేరు జాన్ కాంటియస్ గారండ్. 1888 జనవరి 1న కెనడాలోని క్యూబెక్‌లో, ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లి పోయాక కుటుంబం అమెరికాలోని కనెక్టికట్‌కు వలస వచ్చింది. చిన్నతనంలోనే బట్టల మిల్లులో నేల ఊడ్చే పనికి కుదిరాడు. ఊడుస్తూనే యంత్రాలను గమనించాడు, వాటిని బాగుచేయడం నేర్చుకున్నాడు, మెషినిస్టు అయ్యాడు. 1919లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధశాలలో చేరాడు. తుపాకీ ఒక్కదాన్నే కాదు, దాన్ని తయారుచేయడానికి కావలసిన యంత్రాలను కూడా తానే రూపొందించుకోగల పనివాడు.

ఆయనకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. తూటా పేలినప్పుడు పుట్టే శక్తిలో కొంత దొంగిలించి, దానితోనే తర్వాతి తూటా ఎక్కేలా చేయాలి. మగ్గంలో నాడె అటూ ఇటూ పరిగెత్తినట్టు, బోల్ట్ వెనక్కి వెళ్లి ఖాళీ గుల్లను బయటికి విసిరేయాలి, ముందుకొస్తూ కొత్త తూటాను గొట్టంలోకి తోసి తలుపు బిగించాలి. ఇదంతా రెప్పపాటులో, ప్రతిసారీ, బురదలోనూ వానలోనూ జరగాలి. మన పోలీసులు దశాబ్దాలపాటు భుజాన మోసిన ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) కూడా ఈ జాతి తుపాకీయే.

గారండ్ తొలి నమూనా ఒక చిత్రమైన ఉపాయం మీద నడిచేది. తూటా అడుగున ఉండే ప్రైమర్ పేలినప్పుడు కొద్దిగా వెనక్కి జరుగుతుంది. ఆ కొద్దిపాటి కదలికతోనే ఆయన బోల్ట్ తాళం విడిపించాడు. అది పనిచేసింది. ఇంతలో సైన్యం తూటాలో వాడే మందు మార్చింది, ప్రైమర్ కదలకుండా చుట్టూ నొక్కి బిగించడం మొదలుపెట్టింది. ఏళ్ల కష్టం ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది. గారండ్ ఆ దారి వదిలేసి మళ్లీ మొదటికొచ్చాడు. ఈసారి తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్ ఒత్తిడితో నడిచే పద్ధతిని ఎంచుకున్నాడు.

దెబ్బలు అక్కడితో ఆగలేదు. 1931 పరీక్షల్లో ఆయన రైఫిల్ బోల్ట్ పగిలింది. మళ్లీ చేశాడు. 1932లో సైన్యాధిపతి డగ్లస్ మకార్థర్ కొత్త రైఫిల్‌కు చిన్న తూటా వాడాలన్న ఆలోచనను తోసిపుచ్చి, గోదాముల్లో గుట్టలుగా ఉన్న పాత .30 తూటానే వాడాలన్నాడు. గారండ్ దానికీ సిద్ధంగానే ఉన్నాడు. చివరికి 1936 జనవరి 9న ఎం1 రైఫిల్‌ను సైన్యం అధికారికంగా స్వీకరించింది. పదహారేళ్లకు పైగా పట్టిన తపస్సు ఫలించింది అనుకున్న చోటే ఏడో తూటా ఎదురు తిరిగింది.

దోషం ఎక్కడ?

యంత్రం మొరాయిస్తే ముందు అనుమానం వాడే మనిషి మీదికి పోతుంది. సరిగ్గా తుడవలేదనో, క్లిప్ సరిగ్గా నొక్కలేదనో అంటారు. కానీ ఈ దోషానికి ఒక క్రమం ఉంది. అది ఎప్పుడు పడితే అప్పుడు రావడం లేదు. క్లిప్‌లో చివరి రెండు తూటాలు మిగిలినప్పుడే వస్తోంది. క్రమం ఉన్న దోషానికి కారణం లోహంలోనే దొరుకుతుంది.

చేత్తో చేసిన నమూనా తుపాకీలు అంతకుముందు ఎన్నో పరీక్షలు దాటి వచ్చాయి. ఫ్యాక్టరీ తుపాకీలే ఆగుతున్నాయి. అంటే ఆ రెంటి మధ్యా ఎక్కడో తేడా ఉంది. ఆ తేడా బోల్ట్ కదిలే నడిమి భాగం, అంటే రిసీవర్ లోపల దొరికింది. తూటాలు దారి తప్పకుండా ఆనుకుని నడవడానికి అక్కడ ఒక సన్నని గట్టు ఉంటుంది. భారీ ఎత్తున తయారీకి యంత్రాలు అమర్చినప్పుడు చెక్కుడు పనిలో వచ్చిన మార్పు వల్ల ఆ గట్టులో కొంత ముక్క ఎగిరిపోయింది. అది ఉండితీరాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆ కాస్త ఆధారం లేకపోయేసరికి చివర్లో తూటా పక్కకు ఒరిగి బోల్ట్‌కు అడ్డం పడుతోంది.

చికిత్స చాలా సులువు. అప్పటికే తయారైన రిసీవర్లలో పోయిన చోట లోహం వెల్డింగ్ చేసి నింపారు. కొత్తవాటిలో గట్టును పూర్తిగా ఉంచారు. ఏడో తూటా దారికొచ్చింది.

అదే ఊపులో మరో లోపాన్నీ సరిచేశారు. మొదటి ఎం1లో తూటా గొట్టం దాటిన తర్వాత, మూతి దగ్గర బిగించిన తొడుగు గ్యాస్‌ను ఒడిసిపట్టేది. అక్కడ మసి పేరుకునేది, తొడుగు వదులయ్యేది. గొట్టం చివర అడుగున ఒక రంధ్రం చేసి, నేరుగా గ్యాస్ తీసుకునే పద్ధతికి 1939లో ఆమోదం లభించింది, 1940లో తయారీ మారింది. అప్పటికే పాత పద్ధతిలో చేసిన సుమారు 50 వేల తుపాకుల్లో ఎక్కువ భాగాన్ని వెనక్కి తెప్పించి మార్చారు. కుండపోత వానలో గ్రీజు కొట్టుకుపోయి బోల్ట్ బిగుసుకుపోతోందని తేలినప్పుడు, నీటికి చెదరని గ్రీజును ఎంచి సిపాయిలకు ఇచ్చారు.

1942లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో ఎం1 అసలు యుద్ధం చూసింది. మూడేళ్ల తర్వాత జనరల్ ప్యాటన్ దాన్ని ఇంతవరకు తయారైన యుద్ధ సాధనాలన్నింటిలో గొప్పదని కొనియాడాడు. యుద్ధకాలంలో 40 లక్షలకు పైగా ఎం1లు తయారయ్యాయి.

నేర్చిన పాఠం మరిచిన వేళ

పాతికేళ్లు తిరిగేసరికి మార్పు చేస్తే మళ్లీ పరీక్షించాలన్న ఆ పాఠాన్ని అదే సైన్యం మరిచిపోయింది. వియత్నాం అడవుల్లో సిపాయిల చేతికి ఎం16 ఇచ్చింది. ఆ రైఫిల్‌ను ఒక రకం మందుతో పరీక్షించి, యుద్ధానికి వేరే రకం మందు నింపిన తూటాలు పంపింది. కొత్త మందుతో తుపాకీ పేలే వేగం పెరిగింది, మసి పెరిగింది. తూటా కూర్చునే గదికి క్రోమ్ పూత లేదు. తేమకు అది తుప్పు పట్టి, పేలిన గుల్ల లోపలే అతుక్కుపోయేది. ఈ తుపాకీని పెద్దగా తుడవనక్కర్లేదన్న ప్రచారం ఒకపక్క, తుడవడానికి చాలినన్ని సామాన్లు పంపకపోవడం మరోపక్క. మొరాయించిన తుపాకీ చేతిలో ఉండగానే కొందరు కుర్రాళ్లు ప్రాణాలు విడిచారు. నింద మాత్రం సరిగ్గా తుడవలేదంటూ వాళ్ల మీదే పడింది.

సిపాయిలు ఇళ్లకు రాసిన ఉత్తరాలు అమెరికా కాంగ్రెస్ దాకా చేరాయి. 1967లో రిచర్డ్ ఐకార్డ్ నాయకత్వంలోని ఉపసంఘం విచారణ జరిపింది. తూటాల లోపం సరిదిద్దకపోవడం నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని తేల్చింది. గదికి క్రోమ్ పూత వేసి, మందు సరిచేసి, తుడిచే సామాన్లు, శిక్షణ ఇచ్చాక తుపాకీ గాడిన పడింది. ఆ మరుసటి ఏడాదే, 1968లో, గారండ్ పనిచేసిన స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల మూతపడింది.

తన పేటెంట్లను గారండ్ ప్రభుత్వానికే ఇచ్చేశాడు. ఆయనకు లక్ష డాలర్లు ఇవ్వాలన్న బిల్లు కాంగ్రెస్‌లో నెగ్గలేదు. జీతం మీదే బతికి, 1953లో పదవీ విరమణ చేసి, 1974లో కన్నుమూశాడు.

ఆయన చేసింది ప్రాణాలు తీసే సాధనమే, అందులో దాపరికం లేదు. అయినా దాన్ని పట్టుకుని నిలబడేది ఎవరో తల్లి కన్న బిడ్డ. అది మొరాయించినప్పుడు ఆ బిడ్డను తప్పుపట్టకుండా లోహంలో తప్పు వెతికిన వాళ్లు 1939లో ఉన్నారు. వెతకాల్సిన వాళ్లు వియత్నాం యుద్ధంలో వెతకలేదు. ఆసుపత్రి పరికరమైనా, బస్సు బ్రేకైనా, కరెంటు మీటరైనా మొరాయిస్తే, వాడిన మనిషిని నిలదీసే ముందు అందులో ఎవరు ఏం మార్చారో, మార్చాక పరీక్షించారో లేదో అడగాలి. ఆ ప్రశ్న అడగడం అధికారంలో ఉన్నవాళ్ల బాధ్యత. వాళ్లు అడగకపోతే అడిగించడం మన బాధ్యత.