తుపానుకు ముందే సిద్ధం కావాలి: రైతు సంఘాలకు సూచనలు

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నేలకొరిగింది, కల్లాల్లో ధాన్యం తడిసింది. హెచ్చరిక వచ్చాక టార్పాలిన్ల కోసం పరుగెత్తితే దొరకవు. కనుక రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కోతలకు ముందే సమావేశమై పనులు పంచుకోవాలి.

ముందుగా: టార్పాలిన్లు, ఉప్పు, నీరు తోడే ఇంజన్లు సమకూర్చుకోవాలి. ఎవరి కోత ఎప్పుడో జాబితా రాయాలి. అందులో కౌలు రైతులను మరవొద్దు.

హెచ్చరిక రాగానే: కోతలు ఆపాలి. కోసిన పనలను కుప్ప వేయాలి. ధాన్యాన్ని మెరకకు చేర్చి కప్పాలి.

వాన తగ్గాక: చేలో నీరు తీసేయాలి. పడిపోయిన పైరుపై గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. ఫసల్ బీమా ఉన్నవారి నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేసే బాధ్యత ఒకరికి అప్పగించాలి.