పరదేశమున మడిసిన యోధులకు తిలోదకము

భారతయుద్ధము పదునెనిమిది దినములలో ముగిసినది. ఆ పిమ్మట వచ్చు స్త్రీపర్వము చిన్నదే యైనను, యుద్ధపర్వములన్నిటికంటె నెక్కువ బోధించునది అదియేయని నా యభిప్రాయము. ధర్మరాజు రణభూమిలో బంధువులు గల రాజులకే కాక, అడుగు దిక్కు లేనివారికిని, దూరదేశములనుండి వచ్చి కూలినవారికిని విదురసంజయాదులచేత దహనసంస్కారములు చేయించెను. తరువాత గంగాతీరమున ఉదకప్రదానవేళ కుంతీదేవి, అంతవరకు కడుపులో దాచుకొన్న మాటను వెల్లడించి, కర్ణుడు మీ యగ్రజుడు, వానికిని నీళ్లు విడువుడని కుమారులతో చెప్పినది. అతడు బ్రదికియున్నపుడు చెప్పని మాటను అప్పుడేల చెప్పవలసి వచ్చెను? పేరును గోత్రమును ఉచ్చరింపనిదే తిలోదకము విడుచుట కుదరదు గనుక. మృతునికై చేయు దుఃఖమునకు మొదటి అక్షరము వాని పేరు.

మన నల్లగొండ, పాలమూరు సీమలవారు యుద్ధమున మడిసినవారిని గూర్చి ఏ విధముగ దుఃఖించుచు వచ్చిరో, సముద్రము దాటి పోయి మడిసినవారి విషయమున ఆ పద్ధతి యెట్లు తెగినదో, సంఘసభ్యులకును పోషకమహాశయులకును విన్నవింపదలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మన సీమకు దక్షిణపు టెల్లయైన కృష్ణానది తీరముననే ఈ యాచారమునకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము గలదు. క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములలో నాగార్జునకొండయందు ఇక్ష్వాకు రాజులు పాలించినపుడు మృతుల స్మరణకై శిలాస్తంభములు నిలిపిరి. వానికి ఛాయాస్తంభములని పేరు. ఎంత యందమైన మాట! మనిషి పోయెను, నీడ నిలిచెను. ఆ స్తంభములు రాజులకు మాత్రమే యెత్తినవి కావు. సేనాపతులకును, భటులకును, శిల్పికిని సయితము ఎత్తినవి అందు గలవు. తరువాతి శతాబ్దములలో ఆ యాచారమే వీరగల్లుగ మాఱినది. మన యూళ్ల పొలిమేరలలో, చెఱువుకట్టలమీద, గుడిముంగిళ్లలో ఇప్పటికిని వీరగల్లులు కనబడును. అడుగు అంతస్తున వీరుడు పోరుచుండును. నడిమి అంతస్తున అప్సరసలు వానిని చేతులమీద కొనిపోవుచుందురు. పై అంతస్తున వాడు కైలాసమున శివలింగమునెదుట కూర్చుండియుండును. వీనికి మీద సూర్యచంద్రులు. పరరాజులతో పోరి మడిసినవానికే కాదు, ఊరి ఆవులమందను దొంగలు తోలుకొని పోవుచుండగా అడ్డుపడి చచ్చినవానికిని వీరగల్లు నిలిపినారు. శాసనము లేని రాళ్లే యెక్కువ. ఊరివారు వానికి పసుపు పూసి బొట్టు పెట్టుచున్నారు గాని, వాడెవ్వడని యడిగిన చెప్పగలవారు లేరు. కొన్నిచోట్ల ఆ రాతికి గేదెను కట్టివేయుచున్నారు. పిల్లలకు చరిత్ర చెప్పిన యుపాధ్యాయుడను గనుక ఇది చూచినపుడెల్ల నాకు ప్రాణము చివుక్కుమనును.

కృష్ణ దాటిన పల్నాడు. అక్కడ కారెమపూడిలో ఏటేట కార్తిక అమావాస్యనుండి అయిదు దినములు పల్నాటి వీరుల యుత్సవము జరుగుచున్నది. వీరుల ఆయుధములను పూజింతురు, వీరవిద్యావంతులు కథ పాడుదురు, మందపోరు నాడు అన్ని కులములవారికిని ఒకే చాపమీద చాపకూడు పెట్టుదురు. ఇది సంబరమని కొందఱనుకొందురు. ఇది సంబరము కాదు, శతాబ్దములుగ ఏటేట ఒక సీమ యంతయు కలిసి పెట్టుచున్న తద్దినము. కులసంఘమువారి సంచికలో ఈ చాపకూటి ప్రస్తావన యేల యని యెవరైన నడుగవచ్చును. యుద్ధమున చచ్చినవాని దుఃఖము వాని యింటి వాకిటితో ఆగదని చెప్పుటకే.

ధర్మశాస్త్రమును ఇట్లే పలుకుచున్నది. సామాన్యమరణమునకు జ్ఞాతులు పదిదినములు ఆశౌచము పట్టవలెను. యుద్ధమున ఆయుధముచేత హతుడైనవాని విషయమున మాత్రము ఆశౌచము అప్పటికప్పుడే తీరునని మనుస్మృతి పంచమాధ్యాయమున గలదు. ఇంటివారు మూలకూర్చుండి యేడ్వవలసిన పది దినములను శాస్త్రము తీసివేసినది. ఆ దుఃఖము ఎక్కడికి పోవలెను? వీథిలోనికి, ఊరి నడుమకు, రాతిమీదికి రావలెను. అట్లే వచ్చినది. ఆ యధ్యాయముననే విదేశమున మృతుడైనవాని నియమమును గలదు. వార్త పదిదినములలోపల వినిన మిగిలిన దినములు, ఆ పిమ్మట వినిన మూడు రాత్రులు, సంవత్సరము గడచి వినిన స్నానమాత్రము. శరీరము దొరకనిచో మోదుగాకుల కాడలు మూడువందల అఱువదింటిని కూర్చి మనుష్యాకృతి చేసి దహింపవలెను. దీనిని పర్ణనరదాహమందురు. మోదుగ మన మెట్టసీమలో కొఱతపడు చెట్టు కాదు. కావున దూరదేశమున చచ్చినవానికై దుఃఖించు విధి మనవారికి లేకపోలేదు. కావలసినది వార్తయు, పేరును. అవి రెండును రాకపోవుట ఎట్లో ఇక చూతము.

1914లో ఐరోపా మహాసంగ్రామము పుట్టినపుడు మన రెండు జిల్లాలును నిజాము రాజ్యములోనివి. ఆ సంవత్సరాంతమున హైదరాబాదు ఇంపీరియల్ సర్వీసు లాన్సర్లను ఆశ్వికదళము ఈజిప్టునకు పోయినది. సూయజు కాలువను కాచినది, సీనాయి యెడారిని దాటినది, పాలస్తీనమున పోరినది. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును పట్టిన దాడిలో జోధ్‌పూరు, మైసూరు దళములు ముందు నడచినవి. మన సంస్థానపు దళము ఆ బ్రిగేడులోనిదే. యుద్ధానంతరము ఢిల్లీలో ఈ మూడు సంస్థానముల గుఱుతుగ మూడు కంచువిగ్రహములు నిలిపినారు. పండిత జవహర్‌లాలు నెహ్రూ నివసించిన భవనమునకు త్రిమూర్తి భవనమని పేరు వచ్చినది ఆ విగ్రహములవలననే. వానిలో ఒకటి హైదరాబాదు సిపాయిదని నా శిష్యులలో ఢిల్లీ చూచి వచ్చినవారికిని తెలియదు. ప్రభువు మాటయందురా, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానునకు 1918లో కొత్త బిరుదమే లభించినది. ఆయన ధనముతో విమానములు కొనిన ఆంగ్లదళమునకు హైదరాబాదు పేరే పెట్టినారు. పోయిన భటుని యూరికి మాత్రము ఒక్క రాయి రాలేదు.

ఆ యుద్ధమున అవిభక్త భారతదేశపు సైనికులు డెబ్బదినాలుగు వేలమందికి పైగా మడిసిరి. వారికై కట్టిన స్మారకములు ఎక్కడెక్కడ నున్నవో చూడుడు. ఫ్రాన్సులో నవ్‌షపెల్ కడ 1927లో, సూయజు ముఖమున పోర్టు తౌఫీఖు కడ 1926లో, ఇరాకున బస్రా కడ 1929లో కట్టినారు. పోర్టు తౌఫీఖు స్మారకము 1967 తరువాతి యుద్ధములలో దెబ్బతిని కూలద్రోయబడగా, 1980లో కైరో సమీపమున హీలియోపొలిసు శ్మశానవాటికయందు దానికి ప్రతిగ మఱియొకటి నిలిపినారు. బస్రా కథ యింకను విచారకరము. నలువది వేలకు పైగా మృతుల జ్ఞాపకార్థమైన ఆ గోడలమీద ఆంగ్లసైనికుల పేర్లు చెక్కినారు, భారతీయులలో అధికారుల పేర్లు చెక్కినారు. సామాన్య భారతీయ సిపాయిలకు మాత్రము దళము పేరు వ్రాసి, క్రింద ఇంతమంది యని అంకె వేసినారు. ఆ సమాధులను చూచు కామన్వెల్తు సంఘమే 2021 ఏప్రిలులో ప్రకటించిన నివేదికయందు, భారతీయులు, ఆఫ్రికావారు మొదలగువారిలో కనీసము 45 వేలమంది స్మరణయందు సమానముగ చూడబడలేదని యొప్పుకొన్నది. అంకెకు గోత్రమున్నదా? అంకెపేర తిలోదకము విడువనగునా? నూఱేండ్లకు వచ్చిన యొప్పుకోలు మంచిదే. వినవలసిన తల్లులు లేరు.

రెండవ ప్రపంచయుద్ధమున హైదరాబాదు సంస్థాన పదాతిదళము మలయా దేశమున కోటాబారు విమానస్థలమును కాచుచుండెను. 1941 డిసెంబరు 8న జపానువారు దిగినది ఆ తీరముననే. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయినది. ఆ యుద్ధమున సమాధి తెలియక పోయినవారి పేర్లు ఇరువదినాలుగు వేలకు పైగా సింగపూరునందలి క్రాంజి స్మారకము గోడలమీద గలవు. అది 1957లో తెఱవబడినది. అప్పటికి హైదరాబాదు రాజ్యమే లేదు. 1948లో భారతదేశమున కలిసి, 1956లో ముక్కలై పోయినది. సంస్థానము తరఫున పోయినవారి దుఃఖమునకు వారసుడగు ప్రభుత్వమే మిగులలేదన్నమాట. మన పల్లెలలో ఆ కాలమున వేఱు మరణములు, వేఱు పోరాటములు నడచుచుండెను గనుక ఈ దూరపు చావులు వానిక్రింద మఱుగుపడినవి.

స్వతంత్ర భారతసేన సముద్రము దాటి పోరిన పెద్దపోరు సింహళమునందలిది. 1987 జూలైలో ఒప్పందము, 1990 మార్చిలో తిరుగుప్రయాణము. ఈ నడుమ మనవారు సుమారు 1200 మంది కూలిరి. ఎవరిని రక్షింపబోయిరో వారితోనే పోరవలసివచ్చిన యుద్ధమది. రాజకీయముల చిక్కువలన, ఆ యుద్ధమును గూర్చి ఎలుగెత్తి మాటాడువారే లేకపోయిరి. కొలంబో సమీపమున సింహళ ప్రభుత్వము వారికొక స్మారకము కట్టినది. మన ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న తెఱవబడిన జాతీయ యుద్ధస్మారకమున, 1947 తరువాత మడిసిన ఇరువదియైదు వేలకు పైగా యోధుల పేర్లు ఒక్కొక్క రాతిపలకమీద ఒక్కొక్కటిగ చెక్కబడినవి. బస్రా గోడలకును వీనికిని గల భేదమును గమనింపుడు.

ఇక మన సూర్యాపేట. గల్వాను లోయ సముద్రమున కావల లేదు, లడాకు మంచుకొండలలో నున్నది. ఐనను ఇక్కడ దానిని చెప్పకతప్పదు. శరీరము స్వగ్రామమునకు చేరినచో దుఃఖము ఏ రూపము తాల్చునో మన సీమ కన్నులార చూచినది అప్పుడే. 1962, 1965, 1971 యుద్ధములలో మడిసినవారిలో పెక్కుమందికి యుద్ధభూమి సమీపముననే దహనము జరిగినది. 1999 కార్గిలు యుద్ధమునుండి భౌతికకాయములను ఇంటికి చేర్చు పద్ధతి స్థిరపడినది. 2020 జూన్ 15 రాత్రి పదునాఱవ బీహారు దళనాయకుడగు కర్నలు బిక్కుమళ్ల సంతోష్‌బాబు, మఱి 19 మంది యోధులు గల్వానులో మడిసిరి. 17న ఆయన దేహము హకీంపేటకు విమానముమీద వచ్చినది. 18న సూర్యాపేట సమీపమున కేసారము గ్రామమున సైనికలాంఛనములతో దహనము జరిగినది. అది కరోనా కాలము. శ్మశానమునకు పోవువారి సంఖ్యకు కట్టడి యుండినది. జనులు దారిపొడవున ఇండ్లముందును మేడలమీదను నిలిచి పూలు చల్లిరి. పూలు చల్లినవారిని కులమడిగినవారు లేరు. మరుసటి సంవత్సరము జూన్ 15న పట్టణమున విగ్రహము నిలిచినది. 2021 నవంబరులో మరణానంతర మహావీరచక్రమును రాష్ట్రపతి ఆయన కుటుంబమున కందించెను. రాష్ట్రప్రభుత్వము ఆ కుటుంబమునే కాక, పరరాష్ట్రముల వారైన తక్కిన 19 కుటుంబములకును పదేసి లక్షల సాయము ప్రకటించినది. అది చదివినపుడు నాకు దిక్కులేనివారికిని దహనము చేయించిన ధర్మరాజే స్ఫురించెను.

ఒక వీరునికి ఇంత చేసిన సీమ, హైదరాబాదు పేరు మోసికొని ఈజిప్టునకును, మలయాకును పోయినవారి పేర్లలో ఒక్కటియైనను ఏ కూడలిలోను వ్రాసికొనలేదు. రెండుదినముల తేడా లేక ఎల్లవారును దుఃఖింపగల విధి మనకు సిద్ధముగ నున్నది. మాఘశుక్లాష్టమి భీష్మాష్టమి. సంతానము లేక, యుద్ధమున పడిన ఆ వృద్ధయోధునకు తమ వంశమువాడు కాకున్నను అందఱును తర్పణము విడువవలెనని పెద్దలు నియమించిరి. రెండు నిమిషముల మౌనము ఆంగ్లేయులు 1919లో మొదలిడిన పద్ధతి, దానిని నేను నిందింపను. కాని మనవారి శోకము మౌనము కాదు, పేరుపెట్టి పిలుచుట.

కావున సంఘమువారికి నా విన్నపము. గ్రామశాఖలవారు పాతపెట్టెలలోని డిశ్చార్జి కాగితములను, పింఛను పుస్తకములను, పతకములను వెదకింపవలెను. వృద్ధులను అడుగవలెను. కామన్వెల్తు సంఘముయొక్క పట్టికలలో పెక్కు భారతీయ నామములకు తండ్రి పేరును ఊరును గలవు; మన జాబితాను దానితో సరిచూడవచ్చును. జాబితాకు నాలుగు గడులు చాలును: పేరు, ఊరు, దళము, మడిసిన చోటు. కులమునకు గడి యవసరము లేదు, ఏ యింటివాడైనను వ్రాయుడు. మండలశాఖల కార్యదర్శులు ఆ పేర్లను వచ్చు భీష్మాష్టమికి ముందు జిల్లా కార్యాలయమునకు పంపినచో, ఆనాడు చెఱువుగట్టున బిగ్గరగ చదివి నీళ్లు విడుచుటకు వీలగును. చదువుటకు పిలిచినచో నేనును వత్తును.