బళ్ళారి చుట్టూ మారుతున్న నేల, నీటి దారులు

ఒక నదికి వాననీటిని చేర్చే భూభాగమంతటినీ ఆ నది పరీవాహక ప్రాంతమంటారు. గుట్ట, పొలం, వంక, కుంట, ఊరు అన్నీ అందులోనివే. బళ్ళారి జిల్లా తుంగభద్ర పరీవాహకంలో ఉన్నది. దాని ఉపనది వేదవతిని మన వైపు హగరి అంటాము. బాబాబుడన్ గిరుల్లో పుట్టి, చిత్రదుర్గ, అనంతపురం సీమల మీదుగా వచ్చి, బళ్ళారికి తూర్పున సాగి తుంగభద్రలో కలుస్తుంది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయాయి. నీటి వాలుకు మాత్రం ఆ సరిహద్దుతో పనిలేదు.

బళ్ళారి రాతిగుట్టల నడుమ వెలసిన పట్టణం. 2001 జనగణనలో సుమారు 3.17 లక్షలున్న జనాభా 2011 నాటికి 4 లక్షలు దాటింది. పట్టణం అంచున ఉన్న పొలాలు లేఅవుట్లుగా మారాయి. ఎండలకు బీటలువారిన నల్లరేగడి తొలకరి నీటిని ఆ బీటల గుండానే లోనికి తీసుకుంటుంది. ఎర్రనేల మరింత సులభంగా ఇంకించుకుంటుంది. అదే చోట మిద్దెలు, సిమెంటు రోడ్లు వచ్చినపుడు వాన పడిన కొద్దిసేపటికే నీరంతా కాలువలోకి దూకుతుంది. వంకను పూడ్చి ఉంటే ఇళ్ళలోకి వస్తుంది. బోర్లకు ఊట తగ్గుతుంది. వేసవిలో వంకల్లో పారేది పట్టణపు మురుగునీరే.

సండూరు కథ వేరు. అక్కడ నేలను మార్చినది ఇళ్ళు కాదు, ఇనుప ఖనిజపు గనులు. అడవి తొలగిన కొండవాలు నుండి ఎర్రమట్టి నారిహళ్ళంలోకి, పొలాల్లోకి కొట్టుకువచ్చింది. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలను నిలిపివేసింది. తరువాత షరతులతో కొన్ని గనులు మళ్ళీ తెరుచుకున్నాయి.

తుంగభద్ర జలాశయపు పూడికకు కూడా ఈ గనులే కారణమని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఆ జలాశయానికి నీరిచ్చే సుమారు 28 వేల చదరపు కిలోమీటర్లలో అధికభాగం శివమొగ్గ, దావణగెరె, హావేరి వైపున్నది. మొదట సుమారు 133 టీఎంసీలున్న నిల్వ 2016 సర్వే నాటికి 105.79 టీఎంసీలకు తగ్గింది. ఎగువ కాలువకు కేటాయించిన నీటిలో ఆంధ్రకు 32.5, కర్ణాటకకు 17.5 టీఎంసీల వాటా ఉన్నా, ఏటి లభ్యతను బట్టి దామాషాగా తగ్గించి పంచుతారు. ఆ కోత మొదట తగిలేది కాలువ చివరి ఆయకట్టుకే, అది ఏ రాష్ట్రంలో ఉన్నా సరే.

హగరిది మరో బాధ. నీరు లేని నెలల్లో ఏటి ఇసుక గాలికి లేచి కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతపు పొలాలపై మేటలు వేస్తుంది. ఒడ్డున చెట్లు ఉన్నంతవరకే దానికి అడ్డు.

పట్టణపు అంచున స్థలం కొనదలచినవారు కర్ణాటకలో పహణీలోని ఖరాబు వివరాన్ని చూడాలి. వంకలు, చెరువులు, దారులు సాధారణంగా ‘బి ఖరాబు’గా నమోదై ఉంటాయి. సాగుభూమిని ఇంటిస్థలాలుగా మార్చడానికి 1964 భూకందాయ చట్టం 95వ సెక్షన్ వర్తిస్తుంది. ఆంధ్ర వైపు అయితే అడంగల్‌లో వాగు పోరంబోకు ఉన్నదేమో చూసుకోవాలి. గ్రామ నక్షాలో వంక గీత స్థలం మీదుగా పోతుంటే, పత్రాలు ఎంత సక్రమంగా కనిపించినా, వానాకాలంలో ఒకసారి ఆ చోటికి వెళ్ళి నీరు ఎటు పారుతున్నదో చూసిన తరువాతే బయానా ఇవ్వడం మేలు.