లాంచీ దిగిన సమాజం: రాజమహేంద్రవరం – భద్రాచలం నదీయాత్ర, మారేడుమిల్లి దారి

యాత్రాసాహిత్యాన్ని పరిశీలించేటప్పుడు మన దృష్టి సాధారణంగా రచయిత మీదనో, అతడు దర్శించిన క్షేత్రాల మీదనో నిలుస్తుంది. అతనితో పాటు నడచినవారు, అదే పడవలో కూర్చున్నవారు, అతడు పంపిన లేఖలను ఇంటి వద్ద ఉండి చదివినవారు మన పరిశోధనలో అంతగా చోటు పొందలేదు. ఒక దారిపై మమకారం చేతనే ఒకరికొకరు పరిచితులైన మనుషులను ‘యాత్రిక సమాజం’ అనవచ్చునా, అటువంటి సమాజం ఎప్పుడు, ఏ విధంగా ముగుస్తుంది అన్నవి ఈ వ్యాసం ఎత్తుకొన్న ప్రశ్నలు. గోదావరి మీద రాజమహేంద్రవరం నుండి భద్రాచలం వరకు సాగిన లాంచీ ప్రయాణాన్ని, అది సన్నగిల్లిన కొద్దీ ప్రయాణికులు మళ్ళిన మారేడుమిల్లి అడవి దారిని ఇక్కడ ఉదాహరణగా గ్రహించాను.

ఈ చర్చకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మంచి ప్రారంభం. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెంట ఇంచుమించు నూరుమంది పరివారం ఉన్నది. దారిలో చూసినవాటిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు లేఖలుగా రాస్తూ వచ్చాడు. అతడు 1836లో మరణించగా, 1838లో ఆ లేఖలను గ్రంథంగా వెలువరించినవాడు పిళ్ళెయే. నూరేళ్ళ తరువాత, 1941లో, దిగవల్లి వేంకటశివరావు దానిని పరిష్కరించి మళ్ళీ పాఠకులకు అందించారు. ఇందులో రెండు సమాజాలున్నాయి. వెంట నడచిన పరివారం ఒకటి; అది ఇల్లు చేరిన నాడే చెదిరిపోయింది. లేఖలకు పాఠకులైనవారిది రెండవది. అది రచయిత మరణాన్ని కూడా దాటి నిలిచింది. మొదటిదాని వీడ్కోలుకు తేదీ ఉన్నది. రెండవదానికి లేదు.

గోదావరి లాంచీ ప్రయాణికులకు ఒక శ్రీనివాసపిళ్ళె దొరకలేదు. కనుక వారి చరిత్రను గెజిటీర్ల నుండి, మానవశాస్త్ర గ్రంథాల నుండి, విచిత్రమే అయినా సినిమాల నుండి ఏరుకోవలసి వస్తున్నది.

గోదావరి ఎగువ భాగాన్ని జలమార్గంగా మలచాలన్న సంకల్పం ఆర్థర్ కాటన్‌ది. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత, నదిని మధ్య పరగణాల పత్తి నేలల దాకా నౌకాయానానికి అనువుగా చేయాలని అతడు వాదించాడు. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద రాతి అడ్డంకిని దాటించడానికి ఆనకట్ట, కాలువ పనులు సాగాయి. ఖర్చు పెరిగింది, రైలుమార్గాలు పోటీకి వచ్చాయి. 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని వదిలివేసింది. పత్తి కోసం తలపెట్టిన జలమార్గం ఆ విధంగా వాణిజ్యానికి అక్కరకు రాక, యాత్రికులకు, వెదురు వ్యాపారులకు మిగిలిపోయింది. పరిపాలనలోనూ ఈ దారి ప్రాముఖ్యం కనిపిస్తుంది. అంతకు ముందు మధ్య పరగణాలలో ఉన్న భద్రాచలం తాలూకాను 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేర్చారు. అది 1959లో ఖమ్మం జిల్లాకు మారింది. 2014 విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండగా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఒకే నది పొడవునా ఇన్నిసార్లు సరిహద్దులు జరిగినా, రాజమహేంద్రవరం రేవులో ఎక్కినవాడికి మాత్రం అది ఒకే ప్రయాణం.

ఆ ప్రయాణపు స్వరూపాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి. దేవీపట్నం దాటాక గట్లు దగ్గరికి వస్తాయి. గండిపోచమ్మకు మొక్కి, కొరుటూరు, కొల్లూరు ఇసుకతిన్నెల పక్కగా పాపికొండల నడుమకు చేరేసరికి నది ఇరుకై, లోతై, ఎండ తగ్గిపోతుంది. పేరంటాలపల్లిలో శివాలయం, మునివాటం ఉన్నాయి. అక్కడ దిగి, కొండ మీది నుండి జాలువారే నీరు తాగి మళ్ళీ ఎక్కుతారు. శ్రీరామగిరి, ఆపైన శబరి వచ్చి కలిసే కూనవరం, చివరకు భద్రాచలం. వరదగోదారిలో ఎర్రనీటికి ఎదురీదడం కష్టం, వేసవిలో నీరు చాలదు. కాబట్టి ప్రయాణ కాలాన్ని నిర్ణయించేది యాత్రికుడు కాదు, నది. లాంచీ మీద ఎవరి చోటు వారిదని గట్టిగా చెప్పుకొనే వీలు లేదు. నీడ జరిగినప్పుడల్లా మనుషులూ జరగాలి. తెచ్చుకొన్న పులిహోర పక్కవారితో పంచుకోక తప్పదు. ఏటేటా సీతారామ కల్యాణానికి వెళ్ళేవారికి సరంగు మొదలు సాటి ప్రయాణికుల దాకా ముఖపరిచయం ఏర్పడుతుంది. గమ్యం కంటే ఆ వ్యవధే వారిని ఒక సమాజంగా కూర్చిందని నా అభిప్రాయం. భద్రాచలానికి తెలుగునాట అన్ని వైపుల నుండీ జనం వస్తారు. వారందరూ రామభక్తులే అయినా ఒకరికొకరు తెలియదు.

ఈ వ్యవధిలోని కథాశక్తిని గుర్తించినవారు బాపు, ముళ్ళపూడి వెంకటరమణ. 1973 నాటి ‘అందాల రాముడు’ కథ అధికభాగం భద్రాచలం వెళ్ళే లాంచీ మీదనే నడుస్తుంది. అంతస్తులు వేరైనవారు ఒకరి నుండి ఒకరు తప్పించుకొనే వీలు లేకుండా ఇరుక్కోవడమే ఆ కథకు ఇరుసు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ అదే దారిని, అదే గమ్యాన్ని మళ్ళీ తీసుకొన్నది. అయితే రెంటి మధ్య ముప్ఫైమూడేళ్ళ దూరం స్పష్టంగా తెలుస్తుంది. మొదటిదానిలో లాంచీ ఎక్కడం వాడుక. రెండవదానిలో అది ఎంచుకొన్న అనుభవం. విమానాలూ రైళ్ళూ అందుబాటులో ఉన్నవారు తీరిక కోసం నదిని కోరుకొంటున్నారు. అప్పటికే ఈ యాత్ర జ్ఞాపకంగా మారడం మొదలైందనడానికి దీనికంటె మంచి సాక్ష్యం నాకు కనిపించలేదు. రెండు చిత్రాలలోనూ కెమెరా లాంచీ వైపే తిరిగి ఉంటుంది. తీరగ్రామాల కొండరెడ్లు ఆ కథలకు కేంద్రం కాలేదు.

ఆ తీరాన్ని అటు నుండి ఇటు చూసిన గ్రంథం ఒకటున్నది. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ పాపికొండల కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945లో వెలువడింది. పోడు సాగు, ఈతకల్లు, జీలుగుకల్లు, వెదురు నరకడం, గుత్తేదారుల అప్పులు అందులో సవివరంగా ఉన్నాయి. నది అక్కడ సౌందర్యం కాదు. కొట్టిన వెదురు దిగువకు పోయే దారి, బయటి వ్యాపారి లోపలికి వచ్చే దారి. యాత్రికుల జ్ఞాపకాలను ఈ పుస్తకంతో కలిపి చదవకపోతే మనకు సగం నదే కనిపిస్తుంది.

ఈ సమాజం ముగిసినది ఒక్క రోజున కాదు. 1965లో భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన వచ్చింది. బస్సులు పెరిగాయి. అవసరం మీద వెళ్ళేవారు మొదట లాంచీ వదిలారు. మిగిలిన ప్రయాణం క్రమంగా ఒకనాటి విహారమైంది: ఉదయం ఎక్కడం, పేరంటాలపల్లి చూడడం, భోజనం, సాయంత్రానికి వెనక్కి. ‘వెళ్ళడం’ అన్నది ‘వెళ్ళి రావడం’ అయింది. ఈ మార్పు చిన్నదిగా తోచవచ్చు గాని, ఒకనాటి విహారికి మరుసటి ఏడు మళ్ళీ అదే పడవ ఎక్కే అవసరం లేదు. తరువాత 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద విహారపు బోటు మునిగి యాభై మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. దానిని అక్టోబరు 22న గాని నది నుండి వెలికి తీయలేకపోయారు. బోట్లు చాలాకాలం నిలిచిపోయాయి. ఈలోగా పోలవరం ఎగువ కాఫర్ డ్యాం లేచింది. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. నేటి పాపికొండల విహారం ఆనకట్టకు ఎగువన, గండిపోచమ్మ వైపు నుండీ పోచవరం వైపు నుండీ విడివిడిగా సాగుతున్నది. రాజమహేంద్రవరం రేవులో ఎక్కి భద్రాచలం రేవులో దిగడం ఇక సాధ్యం కాదు. ఆఖరి లాంచీ ఏదో ఎవరూ చెప్పుకోలేదు, చేయి ఊపలేదు.

వీడ్కోలు అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. యాత్రికుడు పోగొట్టుకొన్నది ఒక దారి. తీరవాసి పోగొట్టుకొన్నది ఊరు. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. దాని కింద ముంపుకు గురయ్యే ఆవాసాలు 370కి పైమాట, కుటుంబాలు లక్షకు పైబడి. దేవీపట్నం వీధుల్లోకి నీరు వచ్చినప్పుడు పత్రికలలో, ముచ్చట్లలో ‘పాపికొండల అందం పోతున్నది’ అన్న విచారం విరివిగా వినిపించింది. ఆ విచారం నిజమైనదే. కాని గోకవరం పరిసరాలలోని పునరావాస కాలనీకి చేరిన కొండరెడ్డి కుటుంబానికి నది, పోడు, వెదురు మూడూ ఒకేసారి దూరమయ్యాయి. ఈ రెంటినీ ఒకే మాటతో చెప్పడం భాష చేసే అన్యాయం. తెలుగు యాత్రారచనలో వీడ్కోలు ఎప్పుడూ వెళ్ళేవాడి నోటి మాట. ఉండేవాడే వెళ్ళవలసి వచ్చినప్పుడు దానికి మన సాహిత్యంలో ఒక ప్రక్రియ ఏర్పడలేదు.

మారేడుమిల్లి ప్రసక్తి ఇక్కడనే వస్తుంది. రాజమహేంద్రవరం నుండి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరి, అక్కడ నుండి ఘాటు దిగి చింతూరు, ఆపైన భద్రాచలం పోయే దారి నదికి తూర్పున, కొండల మీదుగా నడుస్తుంది. నది దారి మూతపడిన కొద్దీ ఇది ప్రధానమైంది. ఊరి పేరులో చెట్టున్నది: మారేడు. పశ్చిమాన జీలుగుమిల్లిలోనూ అంతే, జీలుగు చెట్టు. మన్యపు గ్రామనామాలు అడవిని ఇట్లా దాచిపెట్టుకొన్నాయి.

ఈ కొండలలో రహదారి అన్నది అమాయకమైన మాట కాదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం – చింతపల్లి దారి పనికి గిరిజనులను నిర్బంధంగా దింపి కూలి సరిగా ఇవ్వకపోవడం అల్లూరి సీతారామరాజు పోరాటానికి కారణాలలో ఒకటిగా చరిత్రకారులు చెబుతారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు ఆ కోపానికి రూపం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. నేడు ఆ పేరు గల జిల్లాలో విహారానికి వచ్చేవారు తాము నడిచే దారుల వెనుక ఇంత కథ ఉన్నదని ఎరగరు.

మారేడుమిల్లి దారిలో యాత్రిక సమాజం ఏర్పడుతున్నదా? లాంచీ మీది విధంగా కాదు. కారు ఎవరి గది వారికి కట్టినట్లుంటుంది. జలతరంగిణి వద్ద ఆగినవారు పక్క కారువారిని పలకరించకుండానే ఫొటో తీసుకొని సాగిపోతారు. అయితే లాంచీలో లేనిది ఒకటి ఇక్కడ ఉన్నది. దారి పక్క వెదురు బొంగులో మాంసం కాల్చి అమ్మే మనిషి స్థానికుడు. బొంగు చికెన్ రుచి చూడడానికి బండి ఆపినవారు అతనితో ఒకటి రెండు మాటలైనా మాట్లాడాలి. అటవీశాఖ ఆధ్వర్యంలో వనసంరక్షణ సమితులు నడిపే విడుదులలో గిరిజనులు ఆతిథేయులు. యాత్రికుడికీ యాత్రికుడికీ మధ్య బంధం తెగి, యాత్రికుడికీ స్థానికుడికీ మధ్య ఒక చిన్న వ్యాపార పరిచయం మొదలైంది. ఇది పూర్వపు సాన్నిహిత్యానికి సాటి కాకపోవచ్చు. పూర్వపు లాంచీ నుండి కొండరెడ్డి ఎప్పుడూ దూరపు గట్టు మీదనే కనిపించేవాడన్నది కూడా మరవరాదు.

కొత్త దారి సురక్షితమని భావించడానికీ వీలు లేదు. కచ్చులూరు ప్రమాదం జరిగిన సరిగ్గా నెలకు, 2019 అక్టోబరు 15న, కర్ణాటక యాత్రికులతో భద్రాచలం నుండి అన్నవరం వస్తున్న వాహనం మారేడుమిల్లి – చింతూరు ఘాటులో లోయలో పడింది.

తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని నది మీది పలుకుబడిని సేకరించడం. లాంచీల సరంగులలో ఇంకా ఉన్నవారు వృద్ధులు. నీటి లోతును, వడిని, రాతిమిట్టలను, సుడులను వారు ఏ మాటలతో గుర్తించారో నిఘంటువులు చెప్పవు. ఒక్క మాట మాత్రం విషాదం వల్ల బయటికి వచ్చింది. 2019లో పత్రికలు ‘కచ్చులూరు మందం’ అని రాసినప్పుడు, లోతై సుడులు తిరిగే నదీభాగాన్ని ‘మందం’ అంటారని చాలామంది తెలుగు పాఠకులు మొదటిసారిగా విన్నారు. జలాశయం పూర్తి మట్టానికి నిండితే ప్రవాహం నెమ్మదించి, మందం ఏదో మామూలు నీరు ఏదో పైనుండి చూసి చెప్పడం కష్టమవుతుంది.