గోదావరి లోయలో మంచు, లావా: చండ్రుగొండ పరిసరాల నుంచి ఒక పరిశీలన

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవులు మొదలయ్యే చోట ఉన్నది చండ్రుగొండ. 2016 జిల్లాల పునర్విభజనలో ఇది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. దీనికి ఉత్తరాన కొత్తగూడెం, ఆగ్నేయాన సత్తుపల్లి ఉన్నాయి. రెండూ బొగ్గు నేలలే. ఈ ప్రాంత చరిత్రను రాసేవారు సాధారణంగా కోయల జీవనంతోనో, పోడు వ్యవసాయంతోనో, గనులతోనో మొదలుపెడతారు. బొగ్గు పొరకు అడుగున ఉన్న కాలాన్ని భూగర్భశాస్త్రానికి విడిచిపెట్టడం మనకు అలవాటైంది. ఆ విభజన సరికాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

హిమానీనదాలు కోసిన అగ్నిపర్వతానికి ప్రసిద్ధమైన ఉదాహరణ హవాయి దీవుల్లోని మౌనా కియా. పలుచని లావా పొరపొరగా పరుచుకొని, డాలు బోర్లించినట్లు పెరిగిన పర్వతమది. మంచుయుగంలో దాని శిఖరాన్ని హిమానీనదాలు కప్పి, శిలలను ఒరిపిడి పెట్టి, రాళ్లూ మట్టీ కలిసిన కట్టలను మిగిల్చాయి. గోదావరి లోయలో అటువంటి పర్వతం లేదు. అయితే మంచు, లావా రెండింటి ఆనవాళ్లూ ఉన్నాయి. ఇక్కడ మంచు ముందు వచ్చింది, లావా తరువాత వచ్చింది; నడుమ సుమారు 23 కోట్ల సంవత్సరాల ఎడం ఉంది.

మంచు సంగతిని మొదట గుర్తించినది ఒడిశాలోని తాల్చేరులో. బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ 1856లో అక్కడి బొగ్గు క్షేత్రాన్ని పరిశీలిస్తూ, మెత్తని బురదరాతిలో పెద్ద పెద్ద గుండ్లు పొదిగి ఉండటం చూశారు. పారే నీరు బరువును బట్టి రాళ్లను వేరుచేసి పరుస్తుంది; పిడికెడు రాయినీ నిలువెత్తు గుండునూ ఒకే బురదలో వదలదు. ఆ పని మంచుదని వారు చేసిన ఊహ ఉష్ణమండలంలో ఎవరికైనా వింతగానే తోచి ఉండాలి. దానికి బలమైన ఆధారం గోదావరి లోయ నుంచే వచ్చింది. చాందా సమీపాన పెన్‌గంగ ఒడ్డున ఇరాయి వద్ద గుండ్ల పొర కిందనున్న పాత సున్నపురాతి నేల నునుపుదేలి, గీతలు పడి ఉన్నట్లు ఫెడెన్ 1875లో ప్రకటించాడు. అడుగున రాళ్లు పట్టుకొని జరిగిన మంచు గీసిన గీతలవి. వాటి వయస్సు దాదాపు 30 కోట్ల సంవత్సరాలు.

అప్పటికి మెడ్లికాట్ ఈ శిలా సముదాయానికి గోండుల నేల పేరిట గోండ్వానా అని పేరు పెట్టి ఉన్నాడు. 1885లో సూయెస్ ఆ పేరునే ప్రాచీన దక్షిణ ఖండానికి విస్తరింపజేశాడు. చండ్రుగొండ అడవుల్లోని కోయల భాష గోండీకి దగ్గరి బంధువన్నది ఇక్కడ స్మరించదగిన విషయం. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లోనూ ఇదే కాలపు మంచు గుర్తులు ఉండటాన్ని వెగెనర్ ఖండచలనానికి ముఖ్య సాక్ష్యంగా చూపాడు. భారతదేశం అప్పుడు దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది.

మంచు కరిగిన తరువాతి చిత్తడి నేలల్లో గ్లోసోప్టెరిస్ వృక్షాలు పెరిగాయి. సింగరేణి బొగ్గుకు మూలం ఆ వనాలు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు సమీపాన బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వకపు హక్కులు లభించాయి. తాల్చేరు పొరలో తవ్వదగిన బొగ్గు ఉండదు. కాబట్టి బొగ్గు వెదికేవారికి గుండ్ల రాయి తగిలిందంటే ఇక దిగువకు పోనవసరం లేదన్న సూచన. బొగ్గు కోసం సాగిన అన్వేషణే మంచు చరిత్రను వెలికితీసింది. ఆ అన్వేషణే దానిని అడుగుపొరగా లెక్కగట్టి పక్కన పెట్టింది. గనుల చరిత్రలు 1871తో మొదలుకావడానికి ఇదొక కారణమని భావించవచ్చు.

లావా ఆనవాళ్లకు గోదావరి వెంట దిగువకు వెళ్లాలి. రాజమహేంద్రవరం వద్ద నదికి ఒకవైపు కాతేరు, మరొకవైపు పంగిడి పరిసరాల్లో నల్లని బసాల్టు పొరలున్నాయి. వాటి నడుమ శిలాజాలున్న సున్నపురాతి పొర ఇరుక్కొని ఉంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి ఈ లావా, కాలంలోనూ రసాయన కూర్పులోనూ దక్కన్ లావాతో సరిపోలుతుంది. అయితే దక్కన్ లావా ప్రధానంగా భూమి పగుళ్ల నుంచి వరదలా పొంగినదే తప్ప ఒకే డాలు పర్వతం నుంచి దిగినది కాదు. పడమటి కనుమల వైపు పుట్టిన ప్రవాహం ప్రాచీన నదీలోయల గుండా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి తూర్పు తీరానికి చేరిందని 2008లో సెల్ఫ్, అతని సహ పరిశోధకులు ప్రతిపాదించారు. స్థానికంగానే వెలువడిందన్న వాదమూ ఉంది. మొదటి ప్రతిపాదన నిలిస్తే, ప్రపంచంలో ఇంతవరకు గుర్తించిన అతి పొడవైన లావా ప్రవాహాల చివరి అంచు రాజమహేంద్రవరం క్వారీల్లో ఉన్నట్లే.