ఒకే తాళం, పదిహేనేళ్ళు

లినక్సు పుట్టుక కథ చాలామంది ఎరిగినదే. 1991 ఆగస్టులో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, తన 386 కంప్యూటరు కోసం ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటున్నానని, అది సరదాకేనని, పెద్దదేమీ కాబోదని ప్రకటించాడు. ఒక యంత్రం, ఒక ప్రాసెసరు అన్న ఊహతో మొదలైన ఆ ప్రయోగం నెట్‌వర్కుకూ, బహు ప్రాసెసర్లకూ ఎలా అలవాటు పడిందన్నది మాత్రం అంత ప్రచారం పొందని కథ.

ముందు వచ్చింది నెట్‌వర్కు. 1992లో రాస్ బైరో తొలి టీసీపీ/ఐపీ ప్రోగ్రామును రాశాడు. లోపాలు ఉండటం సహజం. వాటికి వచ్చిన దూషణలు భరించలేక ఆయన తప్పుకున్నాడు. తరువాత పగ్గాలు చేపట్టిన ఫ్రెడ్ వాన్ కెంపెన్ అన్ని ప్రోటోకాల్స్‌కూ ఒదిగే విశాలమైన కట్టడాన్ని తలపెట్టాడు. వాడేవారికి కావలసింది ఆ రోజుకు పనిచేసే వ్యవస్థ. వేల్స్‌లోని స్వాన్సీలో ఉన్న అలన్ కాక్స్ అదే ప్రోగ్రామును తీసుకుని, ముందు పనిచేయించాలి, మెరుగులు తరువాత అన్న పద్ధతిలో దోషాలను ఒక్కొక్కటిగా ఏరివేశాడు. లినస్ ఈ దారినే ఎంచుకున్నాడు. 1994 మార్చిలో వెలువడిన 1.0లో నెట్‌వర్కు ఒక భాగమైంది.

బహు ప్రాసెసర్ల సమస్య ఇంతకంటే లోతైనది. ప్రాసెసరు ఒక్కటే అయితే, కెర్నెల్ ఏదైనా పట్టికను మార్చే క్షణంలో ఇంటరప్టులను ఆపితే చాలు, మధ్యలో మరెవరూ దూరరు. రెండో ప్రాసెసరుకు ఆ కట్టుబాటు లేదు. ఖాళీగా ఉన్న ఒకే మెమరీ పేజీని రెండూ ఒకే క్షణంలో చూసి, రెండూ తమదనుకోవచ్చు. 'నేనొక్కడినే ఉన్నాను' అన్న నమ్మకం ప్రోగ్రాములో ఏ ఒక్క పంక్తిలోనూ రాసి ఉండదు. అంతటా వ్యాపించి ఉంటుంది. కనుక దానిని వెదికి తీసివేయడం అసాధ్యప్రాయం.

థామస్ రాడ్కే చేసిన తొలి ప్రయత్నం ఆధారంగా, కాల్డెరా సంస్థ ఇచ్చిన రెండు పెంటియం ప్రాసెసర్ల బోర్డుపై, అలన్ కాక్స్ ఒక ఉపాయం చేశాడు. కెర్నెల్ మొత్తానికీ ఒకే తాళం. ఒక ప్రాసెసరు లోపల ఉంటే మరొకటి గడప బయట వేచి ఉండాలి. పాత నమ్మకం చెక్కుచెదరలేదు, అయినా ప్రోగ్రాములు రెండు ప్రాసెసర్లపైనా నడిచాయి. 1996 జూన్‌లో వచ్చిన 2.0తో ఇది అందరికీ అందింది.

ఆ తాళం ఖరీదు 1999లో నెట్‌వర్కు ద్వారానే బయటపడింది. మైక్రోసాఫ్టు సొమ్ముతో మైండ్‌క్రాఫ్ట్ అనే సంస్థ జరిపిన పరీక్షలో, నాలుగు ప్రాసెసర్లు, నాలుగు నెట్‌వర్కు కార్డులు ఉన్న యంత్రంపై విండోస్ ఎన్‌టీ వెబ్ సర్వరుగా లినక్సుకంటే 3.7 రెట్లు వేగంగా పనిచేసిందని తేల్చారు. లినక్సు అభిమానులు మండిపడ్డారు. అమరిక సరిగా లేదన్న వారి అభ్యంతరంలో కొంత నిజముంది. కానీ మళ్ళీ పరీక్షించినా ఎన్‌టీయే ముందు నిలిచింది. కార్డులు నాలుగైనా వచ్చిన సమాచారమంతా కెర్నెల్‌లో ఒకే వరుసలో నిలబడవలసి వస్తున్నదన్నది అసలు సంగతి. కోపం చల్లారాక అదే పరీక్ష పాఠమైంది. 2001 జనవరిలో వచ్చిన 2.4లో నెట్‌వర్కు భాగానికి చిన్న చిన్న తాళాలు వేరుగా అమరాయి.

పెద్ద తాళం మాత్రం మూలమూలలా మిగిలింది. 2008లో ఇంగో మోల్నార్ దానిని తొలగించే ప్రయత్నాన్ని మళ్ళీ మొదలుపెట్టాడు. 2011 మేలో వచ్చిన 2.6.39 నాటికి ఆర్న్డ్ బెర్గ్‌మన్ దాని చివరి జాడలను తుడిచివేశాడు. ఒకరు వేసిన తాళాన్ని విప్పడానికి ఎందరో పదిహేనేళ్ళు శ్రమించారు.

అలాగని ఆ తాళం వేయడం తప్పనలేము. సమగ్రమైన కట్టడం కోసమే ఎదురుచూసి ఉంటే, దానిని బాగుచేసే ఆ ఎందరో అక్కడికి వచ్చేవారే కారేమో. అప్పు చేయడంలో దోషం లేదు; అది అప్పని గుర్తుంచుకోవడంలోనే ఉంది వివేకమంతా. పెద్ద తాళం తన పేరుతోనే ఆ సంగతిని చివరిదాకా గుర్తుచేస్తూ వచ్చింది.